కొండకు పోయిన రోజు హాజరు

ముందు వినిపించింది నాదస్వరం. ఆఫీసు గది కిటికీలోంచి, ఒక చిన్న ఫోను గొంతులోంచి, పలచగా. అది సగంలో తెగి సినిమా పాట మొదలైంది. అదీ తెగి గోవింద నామాలు. ఉదయం తొమ్మిదిన్నర వేళ, తలుపు మీద శిలువ ఉన్న ఆ గదిలోంచి, పాకాల ఊళ్లోని ఇళ్లు ఒక్కొక్క పాటగా వచ్చి వరండాలో వాలుతున్నట్టుంది. కాలర్ ట్యూను ఆగిన ప్రతిసారీ ఒక ఆడగొంతు.

“ఎవురప్పా, బాలచంద్ర వాళ్ల నాయనా? సిస్టర్ల బడి నుంచి, జ్ఞానాంబ మిస్‌ను. పిల్లోడు ఈ పొద్దు రాలేదే. జరమా? ఎప్పటి నుంచి? సరే, పడుకోబెట్టు. రేపు వచ్చేటప్పుడు చీటీ రాసి పంపీ. నువ్వే రాయి. పోయినసారి ‘నాకు జరం, నేను రాను’ అని వాడే రాసి, కింద నీ సంతకం గూడా వాడే పెట్టినాడు.”

ఆ తర్వాతే మనిషి కనిపించింది. సన్నటి మనిషి. నీలం అంచు నేత చీర. మెడలో పసుపుతాడు, దాని పక్కనే బడివాళ్లిచ్చిన గుర్తింపు కార్డు. యాభై ఏడేళ్లు. చేతిలోని కాగితంలో ఆ రోజు బడికి రాని పదహారు మంది పేర్లు. పది గంటల లోపల పదహారు ఇళ్లకూ ఫోను చేయాలి. పిల్ల ఎక్కడుందో పెద్దల నోటితో విని, పేరు పక్కన రాయాలి. ఎవరూ ఎత్తకపోతే వాచ్‌మన్ వెంకటముని సైకిలు మీద ఆ ఇంటికి వెళ్లి రావాలి.

బడి డైరీలో ఇది పన్నెండో నియమం. మిగతా పదకొండూ ఎప్పుడో ఏ సిస్టర్లో రాసి అచ్చు వేయించినవి. పన్నెండోది జ్ఞానాంబ వల్ల వచ్చింది. ఆ సంగతి నేను అడిగితే “ఎందుకులేప్పా” అని నవ్వింది. తర్వాత ముక్కలు ముక్కలుగా తానే చెప్పింది. కొంత అన్నం గంటలో, కొంత మర్నాడు వాళ్ల ఇంట్లో. ఆమె చెప్పనిది వెంకటముని చెప్పాడు.

ఆమె పుట్టింది పాకాల పక్క పల్లెలో, వేరుశనగ పండించే ఇంట్లో. చిత్తూరులో టీచర్ ట్రైనింగ్ చేసింది. ఇరవై ఆరేళ్లప్పుడు సిస్టర్ల బడిలో ఒకటో తరగతికి మనిషి కావాలని తెలిసి వెళ్లింది. బోర్డు మీద బడికి పొడుగాటి పేరుంది గానీ ఊళ్లో అందరికీ అది సిస్టర్ల బడే. మామ మునిరామయ్య నామం పెట్టుకోనిదే నీళ్లు ముట్టని మనిషి. “ఆడ బొట్టు తీసెయ్యమంటే ఏం జేస్తావు?” అన్నాడు. తీసెయ్యమని ఎవరూ అనలేదు. అప్పటి హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ అరుళ్‌మేరి, కాట్పాడి వైపు ఆమె, ఒకే ప్రశ్న అడిగింది.

“పిల్ల ఏడిస్తే ఏం చేస్తావు?”

“ఎందుకు ఏడుస్తావని అడుగుతాను, సిస్టర్.”

“అడిగితే ఇంకా ఏడుస్తుంది. ఊరికే పక్కన కూచో.”

ఉద్యోగం వచ్చింది. అప్పటి నుంచి ముప్పై ఒక్క ఏళ్లు అదే గది, అవే నల్ల బండల నేల. ప్రతి జూన్‌లోనూ ఆమె చుట్టూ ఉన్న లోకానికి మళ్లీ ఆరేళ్లే. ఆమె జుట్టు ఒక్కటే పై తరగతులకు పోతూ వచ్చింది.

గోడ మీద టైంటేబులు ఉంది. పొద్దున ఇంగ్లీషు, లెక్కలు, ఈవీఎస్. అన్నం తిన్నాక, రెప్పలు బరువెక్కే వేళకు తెలుగు. “నిద్రలో వింటే తెలుగు బాగా దిగుతాదిలే” అంటుంది జ్ఞానాంబ. మంగళవారం, శుక్రవారం నాలుగో పీరియడుకు తరగతి రెండుగా విడిపోతుంది. తొమ్మిది మంది కతోలిక పిల్లలు చిన్న పుస్తకాలు పట్టుకుని, ప్రార్థన గది వరండాకు సత్యోపదేశానికి పోతారు. మిగిలిన ముప్పై మందికి జ్ఞానాంబ దగ్గర మోరల్ సైన్స్.

ఆ పుస్తకంలో బొమ్మలున్నాయి. ముసలామెను రోడ్డు దాటించే పిల్లాడు, పక్కవాడికి అరటిపండు ఇచ్చే పాప. ఆమె దాన్ని ఎక్కువ తెరవదు. ఆ వారంలో కొట్టుకున్న ఇద్దరిని లేపి నిలబెడుతుంది. ఎవరు చేసింది వాళ్లు చెప్పాలి. పక్కవాడు చేసింది చెప్పకూడదు.

“మిస్, వీడు నా పెన్సిలు...”

“వాడి సంగతి వాడు చెప్తాడు. నువ్వేం చేసినావు?”

పిల్లాడు కాసేపు ఫ్యాను వైపు చూస్తాడు. “కొరికినాను.”

“యాడ?”

“చెవి.”

అంతే, పాఠం అయిపోయింది. కూర్చోమంటుంది. శిక్ష లేదు. చెప్పడానికి పట్టిన ఆ కాసేపే వాడికి చాలంటుంది ఆమె.

నియమాల సంగతి వేరు. ఆడపిల్లలకు రెండు జడలు, ఆకుపచ్చ రిబ్బన్లు. శనివారం తెల్ల బూట్లు. ఎనిమిదీ నలభైకి గేటు మూత. పుట్టినరోజుకు చాక్లెట్లు పంచవచ్చు, కేకు తేకూడదు. సెలవు కావాలంటే పెద్దల చేతి చీటీ. చీటీ లేకుండా పది రోజులు రాకపోతే పేరు కొట్టివేత. ఏడాదిలో ఒక్క రోజూ మానని పిల్లలకు వార్షికోత్సవం వేదిక మీద స్టీలు పళ్లెం.

ఈ వైపు కొండ అంటే తిరుమల ఒక్కటే. మొక్కు తీరినా, పుట్టినరోజు వచ్చినా, ఊరికే మనసు పుట్టినా ఇల్లంతా కొండకు పోతుంది. మర్నాడు పిల్ల గుండుతో బడికి వస్తుంది, కాగితంలో చుట్టిన లడ్డు ముక్కతో. డైరీ ప్రకారం చీటీ రావాలి. లడ్డు ముక్కే చీటీ. అలా అని ఎవరూ నిర్ణయించలేదు. కొండకు పోయొచ్చిన వాళ్లను ఎందుకు పోయినారని అడిగే నోరు ఈ ఊళ్లో లేదు, అంతే. ఒక ఏడాది ఒక పాప నున్నటి గుండుతో వచ్చి, రెండు జడల నియమం తప్పుతుందేమోనని రెండు రిబ్బన్లూ రెండు మణికట్లకు కట్టుకుని గేటు దగ్గర నిలబడింది. సిస్టర్ అరుళ్‌మేరి ఆ రోజంతా తలుచుకుని తలుచుకుని నవ్వింది.

ఆ ఏడాదే వార్షికోత్సవానికి వేదిక వెనక ఆరుగురు పిల్లలు ఏడుస్తూ కనిపించారు. కొండకు పోయిన ఒక్క రోజు కోసం పళ్లెం పోగొట్టుకున్నవాళ్లు. సోమవారం పొద్దున సిస్టర్ జ్ఞానాంబను పిలిచి, తన తమిళ తెలుగులో మెల్లగా చెప్పింది.

“సామి దర్శనానికి పోయిన పిల్లకు ఆబ్సెంటు వేయాలంటే నాకు చేయి రాలేదు. ఇంక మీద కొండకు పోయినవాళ్లకు హాజరు వెయ్యి. ఎక్కడా రాయొద్దు.”

అలా పంతొమ్మిదేళ్లు. సిస్టర్ అరుళ్‌మేరి వయసు మీదపడి కాట్పాడి దగ్గర పెద్ద సిస్టర్లుండే ఇంటికి వెళ్లిపోయింది. తర్వాత ఇద్దరు హెడ్‌మిస్ట్రెస్‌లు మారారు. వాళ్లు అడగలేదు, జ్ఞానాంబ చెప్పలేదు. లడ్డు వచ్చేది, హాజరు పడేది. నిజం చెప్పాలంటే, లడ్డు రాకముందే పడేది.

రెండేళ్ల కిందట ఆగస్టులో ఒక గురువారం లోహిత అనే పాప రాలేదు. పేరు పిలిస్తే పక్క వీధి ధరణి లేచి నిలబడింది. “మిస్, వాళ్లు కొండకు పోయినారు. వాళ్లమ్మ మా అమ్మకు చెప్పింది.” జ్ఞానాంబ హాజరు వేసింది. శుక్రవారం కూడా రాలేదు. కొండకు రెండు రోజులు పట్టడం మామూలే. శుక్రవారం కూడా వేసింది.

లోహిత వాళ్లమ్మ ప్రశాంతి కొండకు పోలేదు. ఇంట్లో మాట మాట పెరిగి, బిడ్డను తీసుకుని తడలో ఉన్న అన్న ఇంటికి వెళ్లిపోయింది. సంచి పట్టుకుని వీధి దాటుతుంటే అందరూ యాడికని అడుగుతారు. రెండో ప్రశ్న రాని జవాబు ఒక్కటే ఉంది. ఆమె అదే చెప్పింది.

తండ్రి మునికుమార్ లారీ డ్రైవరు. మామిడి గుజ్జు లోడుతో మంగళవారం వెళ్లినవాడు శుక్రవారం మధ్యాహ్నం వచ్చాడు. ఇంటికి తాళం. భార్య ఫోను ఆపేసి ఉంది. ఆమె సంగతి తర్వాత చూసుకోవచ్చు, బిడ్డ బళ్లో ఉంటుంది కదా అని మూడూ యాభైకి గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పిల్లలంతా బయటికి వచ్చేశారు. లోహిత రాలేదు.

కొత్త హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ జసింత వచ్చి అప్పటికి మూడు నెలలు. రిజిస్టరు తెరిచింది. గురువారం హాజరు. శుక్రవారం హాజరు. అంటే పొద్దున లోపలికి వచ్చిన పిల్ల బయటికి పోలేదు.

ఆ గంట గురించి వెంకటముని చెప్పాడు. సిస్టర్ జసింత అంగీ అంచు పైకి పట్టుకుని మరుగుదొడ్ల వెనక ముళ్లలోకి దిగింది. వెంకటముని రైల్వే స్టేషనుకు పరిగెత్తి, కాట్పాడి వైపు బండి కోసం నిలబడ్డ ప్రతి మనిషి పక్కన పిల్ల ఉందేమోనని చూసి వచ్చాడు. పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చిన తల్లులు ఇళ్లకు పోకుండా గుంపుగా నిలబడ్డారు. మునికుమార్ నీళ్ల సంపు మూత లాగి, బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి లోపలికి దించి వెతుకుతున్నాడు. ఆవరణలో వినిపించింది నీళ్ల శబ్దం ఒక్కటే.

జ్ఞానాంబ ఇంటికి చేరి చెప్పులు విప్పుతుండగా ఫోను వచ్చింది. షేర్ ఆటోలో తిరిగి వచ్చేసరికి సంపు మూత తెరిచి ఉంది. ఆ నేల మీద పడుకున్న మనిషిని చూసింది. తనను చూసి సిస్టర్ చేతిలోని రిజిస్టరు పైకెత్తింది.

“ఆ పాప నిన్నటి నుంచి బడికి రాలేదు, సిస్టర్,” అంది జ్ఞానాంబ. “నేను చూడకుండా వేసినాను.”

మునికుమార్ లేచి కూర్చున్నాడు. మోచేతి నుంచి నీళ్లు కారుతున్నాయి. “రాలేదా?”

“రాలేదప్పా.”

“నిన్న గూడా?”

“నిన్న గూడా. కొండకు పోయిందని చెప్తే హాజరు వేసినాను.”

“ఎవురు పోయినారు కొండకు?” అన్నాడు. ఆ ప్రశ్న గుంపులోని తల్లులందరికీ వినపడింది. వాళ్లలో ఒకరిద్దరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

చేతులు తడిగా ఉండటంతో ఫోను వెంకటమునికి ఇచ్చి, బావమరిది నంబరు కొట్టమన్నాడు. వెంకటమునికి తెలియకుండానే స్పీకరు మోగింది. “బావా, ఈడనే ఉండారు, బిడ్డ బాగుండాది” అన్నాడు అవతల మనిషి. అక్కడితో ఆగితే బాగుండేది. “మా చెల్లెలు ఇంక ఆ ఇంటికి రాదంట” అని కూడా అన్నాడు. ఆవరణంతా విన్నది. మునికుమార్ ఫోను తీసుకుని, తడి చొక్కాతోనే గేటు దాటి వెళ్లిపోయాడు.

రిజిస్టరులో అబద్ధం రాస్తే ఉద్యోగం పోతుంది. అది డైరీలో లేకపోయినా టీచర్లందరికీ తెలిసిన నియమం. సోమవారం లోపల రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వమన్నది సిస్టర్ జసింత. దాన్ని కరస్పాండెంట్ ఫాదర్‌కు పంపిస్తారు. బళ్లో ఉండాలా వద్దా అన్నది ఆయన తేలుస్తాడు. బడి లేని పగలు ఎలా ఉంటుందో జ్ఞానాంబకు తెలియదు. వేసవి సెలవుల్లో కూడా తొమ్మిదయ్యేసరికి ఆమె కాళ్లు వాకిట్లోకి వస్తాయని భర్త దొరస్వామి చెప్పాడు.

దొరస్వామికి స్టేషను ఎదుట సైకిలు షాపు. ఆ ఆదివారం ఆమె కాగితం ముందు కూర్చుంటే ఆయన పక్కనే కూర్చుని సలహాలిచ్చాడు.

“పక్క గడిలో వెయ్యబోయి ఈ గడిలో వేసినానని రాయి.”

“రెండు దినాలూ పక్క గడేనా?”

“ముప్పై ఏండ్లు బళ్లో ఉండి గూడా ఒక అబద్ధం సక్కగా ఆడలేకపోతివే. ఏం నేర్పించినారే నీకు ఆ సిస్టర్లు? సరే, ఆ అరుళ్‌మేరమ్మ చెప్పిందని రాయి. ఆయమ్మ యాడనో కాట్పాడిలో ఉండాది. ముసిలామెను వీళ్లేం జేస్తారు?”

ఆ మాట దగ్గర ఆమె పెన్ను చాలాసేపు ఆగిందట. సిస్టర్ చెప్పిందన్నది నిజం కూడా. కానీ రాయలేదు. ఆ కాగితం నకలు నాకు చూపించింది. ఐదు వాక్యాలు. నేను గురువారం, శుక్రవారం లోహితకు హాజరు వేశాను. నేను ఆ పాపను చూడలేదు. నేను వాళ్ల ఇంటికి ఫోను చేయలేదు. నేను ఇంతకుముందు కూడా కొండకు పోయిన పిల్లలకు ఇలాగే వేశాను. నేను చేసింది తప్పు.

సిస్టర్ జసింత అది రెండుసార్లు చదివింది. “ఇన్నేళ్లు ఏ హెడ్‌మిస్ట్రెస్‌కూ తెలియకుండానే జరిగిందా?”

“వాళ్ల సంగతి వాళ్లు చెప్తారు, సిస్టర్. నేను చేసింది నేను రాసినాను.”

అదే సోమవారం మునికుమార్ కూడా వచ్చాడు. సిస్టర్ తెల్లకాగితం ఇచ్చి ఫిర్యాదు రాయమంది. ఆయన కాగితం వెనక్కి నెట్టాడు. “ఏం రాసేది సిస్టరమ్మా. నా బిడ్డ రాని పొద్దు రాలేదని రాయమనండి, చాలు.” గది మూల నిలబడ్డ జ్ఞానాంబ వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

ఆమె అలాగే రాసింది. లోహిత తడలోనే ఉంది. రోజూ పేరు పిలవడం, జవాబు లేకపోవడం, ఆబ్సెంటు. ఐదు, ఆరు, ఏడు. పదో రోజు పేరు కొట్టేయాలి. తన చేత్తోనే. ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు. అయినా ఆ వారం ఆమెకు నిద్రలో వచ్చింది ఉద్యోగం కాదు, ఆ ఎర్ర గీత.

తొమ్మిదో ఆబ్సెంటు పడ్డ మర్నాడు ఆదివారం. పొద్దున్నే తిరుపతికి పోయి, అక్కడ చెన్నై బస్సెక్కి తడలో దిగింది. హైవే పక్కన టైర్ల షాపు, వెనకాల ఇల్లు. తలుపు తీసిన ప్రశాంతి వెనక్కి తగ్గింది.

“మిస్, మీరా? ఆయన పంపించినాడా?”

“ఎవురూ పంపలేదమ్మా. చీటీ కోసం వచ్చినాను. పది దినాలైతే పాప పేరు కొట్టెయ్యాల.”

“ఏమని రాసేది మిస్?”

“మా అన్న ఇంట్లో ఉండామని రాయి.”

“ఎందుకుండామని అడిగితే?”

“అది డైరీలో అడగలేదులే. యాడుండారో చాలు.”

ప్రశాంతి రాసింది. రాస్తూ కొంచెం ఏడ్చింది. జ్ఞానాంబ ఊరికే పక్కన కూర్చుంది. లోహిత మాత్రం హుషారుగా ఉంది. తెలుగు ఎంతవరకు అయింది మిస్ అని అడిగింది. రోడ్డు మీద పోయే లారీలను లెక్కపెడుతున్నానని, నిన్న నూట పన్నెండు దాకా వచ్చినానని, ఒక్కటి కూడా వాళ్ల నాయనది కాదని చెప్పింది. ఆ మాటకు పెద్దవాళ్లిద్దరూ పని కల్పించుకుని చెరో వైపు చూశారు.

తల్లీ బిడ్డా మరో రెండు వారాలకు పాకాల తిరిగి వచ్చారు. ఎలా రాజీ పడ్డారో ఊరికి తెలియదు. తెలియకపోవడమే మంచిదంటుంది జ్ఞానాంబ. లోహిత పేరు రిజిస్టరులో తెగిపోకుండా ఉంది.

ఫాదర్ దగ్గర నుంచి ఉత్తరం నెల తర్వాత వచ్చింది. ఉద్యోగం ఉంటుంది. తరగతి రిజిస్టరు ఇంక ఆమె చేతికి ఇవ్వరు, పక్క గది టీచరు వచ్చి హాజరు వేస్తుంది. సిస్టర్ అరుళ్‌మేరి కాట్పాడి నుంచి ఆయనకు ఏమైనా రాసిందా, రాయలేదా అన్నది జ్ఞానాంబకు ఇప్పటికీ తెలియదు. అడగలేదు. సిస్టర్ జసింత ఆ ఏడాది డైరీని కొత్తగా అచ్చు వేయించింది. స్టీలు పళ్లెం తీసేసింది. పుణ్యక్షేత్రానికి ఏడాదికి రెండు రోజులు, ముందుగా చీటీ ఇస్తే, లెక్కలోకి రాని సెలవు అని పాత సెలవు నియమంలోనే చేర్చింది. వేళాంగణ్ణి మాత దగ్గరికి పోయే పిల్లలకూ, కొండకు పోయే పిల్లలకూ ఒకటే నియమం. కిందన పన్నెండోది. ఆ పని ఎవరు చేస్తారని టీచర్ల మీటింగులో అడిగితే, చెయ్యి ఎత్తింది జ్ఞానాంబ ఒక్కతే.

లడ్డు ముక్కలు ఇప్పటికీ వస్తాయి. చీటీకి జిడ్డు అంటుకుని వస్తాయి. సిస్టర్ జసింత లడ్డు పక్కన పెట్టి, ముందు చీటీ చదువుతుంది.

వచ్చే ఏప్రిల్‌లో జ్ఞానాంబ రిటైరవుతుంది. రెండో రోజు సాయంత్రం బడి వదిలాక నన్ను సాగనంపడానికి గేటు దాకా వచ్చింది. గుంపులోంచి ఒక పాప, మూడో తరగతి బ్యాడ్జీ, రెండు జడలు, మోటారు సైకిలు ఎక్కబోతూ వెనక్కి తిరిగి “మిస్” అని చెయ్యూపింది. లోహిత. బండి మీది మనిషి తిరగలేదు. హ్యాండిలు మీదికి తల వంచుకుని, పాప సరిగా కూర్చుందో లేదో చేత్తో తడిమి చూసుకుని, బండి పోనిచ్చాడు. వీధి మలుపు దాకా పాప చెయ్యి గాల్లోనే ఉంది. జ్ఞానాంబ కూడా చెయ్యి దించలేదు.

“సూసినావా అప్పా,” అంది. “రెండేండ్లుగా ఇంతే. పాప నవ్వుతాది, ఆయప్ప తల దించుకుని పోతాడు. వాళ్ల ఇంటి మాట ఊరి చెవిలో ఏసింది నేను. తప్పు చేసింది నేనైతే, ఆయప్ప ఎందుకప్పా తల దించుకునేది?”